రోనాల్డ్ రాస్

మానవజాతిని తరతరములుగా పీడించిన వ్యాధులలో చలిజ్వరము ఒకటి. దీనినే నేడు మలేరియా యందురు. మొదట గడగడ వణకించు చలి, పిదప ఒడలు మండించు జ్వరము, ఆపై పక్కబట్టలు తడిసిపోవునంత చెమట వచ్చును. రోగి కొంత తేరుకొనునంతలో అది మరల తిరిగివచ్చును. మన తెలుగునాట గోదావరి తీరపు అడవులలోను, విశాఖ మన్యములోను ఈ జ్వరమునకు జడిసి, మైదానపు వారు ఉద్యోగములకైనను అచ్చటికి పోవ వెనుదీయుచుండిరి. అందుచే దీనికి మన్యపు జ్వరమను పేరు కూడ వచ్చెను. చిత్తడి నేలలనుండి లేచు చెడుగాలి వలన ఇది పుట్టునని పూర్వము ఐరోపా పండితులు సైతము నమ్మిరి. మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే అర్థము. ఆ నమ్మకమును తొలగించి, ఈ రోగమును మోసికొనివచ్చునది దోమ యని లోకమునకు తెలియజేసిన పరిశోధనలో ముఖ్యభాగము మన సికింద్రాబాదులో జరిగెను. ఆ పరిశోధన చేసిన వైద్యుడు రోనాల్డ్ రాస్.

రాస్ 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. మీరటులో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములే అయ్యెను. తండ్రి ఆంగ్ల ప్రభుత్వపు సైన్యములో అధికారి. పదిమంది సంతానములో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేండ్ల ప్రాయమున చదువు నిమిత్తము అతనిని ఇంగ్లండునకు పంపిరి. బాలునకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము అనిన మిక్కిలి ప్రీతి. వైద్యమన్నచో ఏమాత్రమును ఇష్టము లేదు. కాని తండ్రి మాట కాదనలేక 1874లో లండన్ నగరమందలి సెంట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. అచ్చట పాఠములకంటె పాటలు, పద్యములు కట్టుటయందే అతనికి ఎక్కువ కాలము గడచెను. ఎట్టకేలకు పరీక్షలు ముగించి, 1881లో ఇండియా వైద్యశాఖలో ఉద్యోగియై మదరాసునకు వచ్చెను.

మొదటి యేండ్లలో రాస్ ఉద్యోగమున గొప్ప విశేషమేమియు లేదు. మదరాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు అతడు పనిచేసిన చోట్లు. తీరిక వేళల కథలు వ్రాయుచు, గణితము చదువుకొనుచుండెను. 1883లో బెంగుళూరులో అతడు కాపురమున్న ఇంటిలో దోమల బాధ దుర్భరముగా నుండెను. కిటికీ చెంతనున్న నీళ్లతొట్టిలో పిల్లదోమలు కదలాడుచుండుట చూచి, రాస్ దానిని బోర్లించెను. దోమలు చాలవరకు తగ్గిపోయెను. నీరు నిలువకుండ చేసినచో దోమలు పెరుగవను సంగతి అతని మనస్సున నాటుకొనెను. కాని దోమకును జ్వరమునకును గల సంబంధము ఆనాడు అతనికి తోచలేదు.

క్రమముగా అతని చూపు మారెను. ఎచ్చటికి పోయినను ఆస్పత్రుల నిండ జ్వరపీడితులే కనుపించుచుండిరి. కొయినా మాత్రలిచ్చుట తప్ప వైద్యుడు చేయగలిగినది వేరొకటి లేదు. రోగము ఎట్లు వచ్చుచున్నదో తెలియనిదే దానిని ఆపుటెట్లు? 1888లో రాస్ సెలవుపై ఇంగ్లండునకు పోయి, ప్రజారోగ్యశాస్త్రమున పట్టము పొంది, సూక్ష్మజీవుల శాస్త్రమును అభ్యసించి తిరిగివచ్చెను.

అప్పటికే 1880లో ఆల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు చలిజ్వర రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవిని కనుగొని యుండెను. ఆ జీవి రక్తకణములలో చేరి వానిని తిని, నల్లని రేణువులను మిగుల్చును. రాస్ ఎన్నిమారులు రక్తమును పరీక్షించినను ఆ జీవి అతనికి కనబడలేదు. అందుచే లావెరాన్ పొరబడెనని అతడు వాదించుచు వ్యాసములు కూడ వ్రాసెను. 1894లో మరల సెలవుపై లండన్ చేరినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను అనుభవజ్ఞుడైన వైద్యుడు అతనిని సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి, ఆ జీవిని చూపెను. రాస్ తన వాదమును వెంటనే విడిచెను.

మాన్సన్ అంతకుముందు చైనాలో పనిచేసిన కాలమున, బోదకాలు కలిగించు పురుగు దోమ దేహములో పెరుగునని కనిపెట్టినవాడు. చలిజ్వరపు జీవియు దోమలోనే పెరుగుచుండవచ్చునని అతడు ఊహించెను. అయితే అతని ఊహలో ఒక పొరపాటుండెను. దోమ నీటిపై పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి రోగము వచ్చుననియు అతడు భావించెను. ఈ ఊహను పరీక్షించుటకు జ్వరమెక్కువగా గల దేశమున నున్న రాస్ తగినవాడని అతనికి తోచెను. ఇట్లు ఆ యిరువురకు స్నేహము కుదిరెను. ఒకరు లండన్‌లో, ఒకరు ఇండియాలో ఉండి, ఉత్తరముల ద్వారా ఒకే పరిశోధనను సాగించిరి.

1895లో రాస్ సికింద్రాబాదులోని మదరాసు పదాతిదళమునకు వైద్యుడుగా వచ్చెను. ఆస్పత్రి బేగంపేటలో నుండెను. పరిశోధనకు ప్రభుత్వమిచ్చిన ధనము లేదు, సహాయకులు లేరు, దోమలను గూర్చిన గ్రంథములు లేవు. ఉన్నవి సూక్ష్మదర్శిని, గాజుపలకలు, ఒక నోటుపుస్తకము మాత్రమే. పిల్లదోమలను సీసాలలో పెంచి, పెద్దవైన పిదప దోమతెరలో పరుండిన రోగిని కుట్టించి, వానిని పట్టి, సూదిమొనతో కోసి, కడుపులోని ప్రతి భాగమును పరీక్షించుట అతని నిత్యకృత్యమయ్యెను. ఒక్క దోమను సరిగా చూచుటకు గంటలు పట్టుచుండెను.

రాస్ కనులతో చూచినంత శ్రద్ధతోనే కలముతో వ్రాసెను. ఏ దోమ ఏ దినమున ఏ రోగిని కుట్టినది, ఆ రోగి రక్తములో ఎట్టి జీవులున్నవి, దోమను ఎన్నవ దినమున కోసినది, లోపల ఏమి కనుపించినది, ఇవి యన్నియు అతడు పొందుపరచుచుండెను. ఏమియు కనుపించనినాడు ఆ సంగతిని కూడ వ్రాసెను. వ్రాసిన దానిని తనలోనే దాచుకొనలేదు. నాలుగేండ్లలో మాన్సన్‌కు వందకు పైగా ఉత్తరములు పంపెను. వానిలో విజయములకంటె వైఫల్యములే హెచ్చు. మాన్సన్ బదులు వ్రాయుచు, ఒకప్పుడు ధైర్యము చెప్పుచు, ఒకప్పుడు తప్పులెత్తి చూపుచు, లండన్‌లోని పండితులకు అతని పనిని వినిపించుచుండెను.

మాన్సన్ ఊహ ననుసరించి, దోమలు చచ్చిన నీటిని కొందరు మనుష్యులచే వారి సమ్మతిపై త్రాగించియు రాస్ చూచెను. మొదట ఒకనికి కొద్దిపాటి జ్వరము రాగా రాస్ సంతోషించెను. కాని పరీక్షను మరల మరల చేయగా ఫలితము నిలువలేదు. నేటి వైద్యనియమములు అట్టి పరీక్షల నంగీకరింపవు. మొదటి ఫలితము తన కిష్టమైనదే ఐనను, తరువాతి ఫలితములను మరుగుపరచక వ్రాసినందున రాస్ తప్పుదారి నుండి మరలగలిగెను.

అంతలో కలరా నివారణకై ప్రభుత్వమతనిని బెంగుళూరునకు పంపెను. దోమల పని చాలవరకు నిలిచిపోయెను. 1897లో ఉదకమండలపు కొండల దిగువ లోయలో తిరుగుచుండగా అతనికే చలిజ్వరము సోకెను. కోలుకొని, ఆ యేడు జూన్ నెలలో మరల సికింద్రాబాదు చేరెను.

అంతవరకు అతడు కోసిన దోమలలో రెండు జాతులవే యెక్కువ. అవి బూడిదరంగువి, చారలుగలవి. వాని శాస్త్రనామములు అతనికి తెలియవు. అందుచే తన కంటికి కనుపించిన గుర్తులనుబట్టి వానికి పేర్లు పెట్టుకొనెను. వందలకొలది దోమలను చూచినను, వానిలో చలిజ్వరపు జీవి పెరిగిన జాడ లేదు. ఆగస్టు నెలలో, సహాయకుడు తెచ్చిన పిల్లదోమల నుండి, రెక్కలపై చుక్కలు గల మరియొక జాతి దోమలు వెలువడెను. 16వ తేదీన రాస్ వానిని హుస్సేన్‌ఖాన్ అను రోగిపై వదలెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఆతనికి ప్రతిఫలమిచ్చెను.

ఆ దినములలో వానలు వెనుకపట్టి ఎండ మండిపోవుచుండెను. పంకా విసరించుకొన్నచో కోసిన దోమలు ఎగిరిపోవును. అందుచే రాస్ గాలిలేని చిన్న గదిలో కూర్చుండి పనిచేయుచుండెను. నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. దాని కంటి అద్దము పగిలియుండెను. చుక్కల రెక్కల దోమలలో కొన్ని చచ్చెను. కొన్నింటిని కోసిచూడగా ఏమియు కనుపించలేదు. తుదకు మిగిలినవి మిక్కిలి కొద్ది.

ఆగస్టు 20వ తేదీన రాస్ వానిలో నొకదానిని కోసెను. కండ్లు అలసియుండెను. కడుపు గోడను కొంచెము కొంచెముగా వెదకుచుండగా, ఒకచోట గుండ్రని కణమొకటి కనబడెను. అట్టివి మరికొన్ని దాని చెంతనే యుండెను. దోమ కడుపులో సహజముగా నుండు కణములు వేరు, ఇవి వేరు. వీనిలో నల్లని రేణువులు కూడ నుండెను. ఆ రేణువులు చలిజ్వర రోగుల రక్తములో తాను ఎన్నోమారులు చూచిన రేణువులే. మరునాడు మిగిలిన దోమను కోయగా, ఆ కణములు అందును కనుపించెను. అంతేకాదు, ఒక దినము గడచినందున అవి మరికొంత పెద్దవిగా నుండెను. దోమ కడుపులో ఏదియో పెరుగుచున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. రెండే రెండు దోమలను చూచి రాస్ అంత నమ్మకముగా నెట్లు చెప్పగలిగెను? దీనికి సమాధానము అతని పాత పుస్తకములలో నున్నది. రెండేండ్లుగా అతడు కోసిన దోమలలో నేదానియందును ఇట్టి కణములు లేవని అతడు దినదినము వ్రాసియుంచెను. వృథాయయ్యెనని తోచిన ఆ శ్రమయే ఇప్పుడు సాక్షిగా నిలిచెను. లేనివానిని లేవని వ్రాసికొననిచో, ఉన్నవి క్రొత్తవని రుజువు చేయుట అసాధ్యమై యుండెడిది.

రాస్ ఆ కణములు గల గాజుపలకలను భద్రపరచి, తోటి సైనిక వైద్యునకు చూపెను. పిదప వానిని లండన్‌కు పంపెను. మాన్సన్ తాను చూచుటయేగాక మరి యిరువురు నిపుణులకు చూపి, వారి అభిప్రాయములను తీసికొనెను. ఈ యభిప్రాయములతో కూడ రాస్ వ్యాసము 1897 డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటింపబడెను. దోమ పేరు తనకు తెలియదు గనుక, దాని రెక్కల చుక్కలను, పడవ ఆకారముగల దాని గ్రుడ్లను అతడు అందులో వర్ణించెను. ఏ దేశమువాడైనను అట్టి దోమను పట్టి, తన మాట నిజమో కాదో చూచుకొనవచ్చునని అతని భావము. ఆ దోమ అనాఫిలీస్ జాతికి చెందినదని తరువాత తేలెను.

పని సగమైనది. దోమలో పెరిగిన జీవి మరల మనుష్యునిలో ప్రవేశించు మార్గము తెలియవలసియుండెను. సరిగా ఆ సమయమున ప్రభుత్వమతనిని రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసెను. అచ్చట చలిజ్వరమే అరుదు. రాస్ మిక్కిలి కుమిలిపోయెను. మాన్సన్ లండన్‌లో అధికారులతో మాటలాడి పాటుపడగా, 1898 ఆరంభమున రాస్‌కు కలకత్తాలో ఒక ప్రయోగశాల లభించెను. కాని ఆ దినములలో ప్లేగు భయముచేత, టీకాల భయముచేత ప్రజలు వ్రేలిపై సూది గ్రుచ్చించుకొనుటకు కూడ అంగీకరింపకుండిరి. అప్పుడు రాస్ పక్షులకు వచ్చు మలేరియాను పరిశోధింప మొదలిడెను. మహమ్మద్ బక్ష్ అను సహాయకుడు పిచ్చుకలను, దోమలను పట్టి తెచ్చి, రాత్రింబవళ్లు అతనితో పాటు శ్రమించెను.

అచ్చట చేసిన పరీక్షలలో ఒకటి లెక్కల విలువను చక్కగా తెలుపును. రాస్ మూడు పిచ్చుకలను తీసికొనెను. ఒకదాని రక్తములో రోగజీవులు లేవు. రెండవదానిలో కొన్ని యుండెను. మూడవదానిలో మెండుగా నుండెను. ఒక్కొక్కదానిని కుట్టిన దోమలలో పదేసి దోమలను కోసి, కణములను లెక్కించెను. ఆరోగ్యముగానున్న పిచ్చుకను కుట్టిన దోమలలో ఒక్క కణమైనను లేదు. రెండవదానిని కుట్టినవానిలో 292, మూడవదానిని కుట్టినవానిలో 1009 కణములుండెను. ఈ మూడు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవాడు ఇక వాదింపవలసినదేమియు లేదు.

1898 జూలై నెలలో రాస్ ఆ కణములు పగిలి, వానినుండి సన్నని నూలుపోగులవంటి జీవులు వెడలి, దోమ లాలాజల గ్రంథులలో చేరుట కనిపెట్టెను. దోమ కుట్టునపుడు ఆ లాలాజలముతో పాటు రోగజీవి దేహములో ప్రవేశించుచున్నది. నీరు త్రాగుట వలన కాదు, కాటు వలననే రోగము వచ్చునని తేటపడెను. రోగమున్న పిచ్చుకలను కుట్టిన దోమలచే ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టింపగా, వానికి రోగము సోకెను. రాస్ ఈ వార్తను మాన్సన్‌కు తెలిపెను. ఆ నెలలోనే ఎడింబరో నగరమున జరిగిన వైద్యుల మహాసభలో మాన్సన్ ఆ వార్తను ప్రకటింపగా, సభ్యులు మిగుల హర్షించిరి. పరిశోధకుడు కలకత్తాలో నుండగనే అతని ఫలితము దూరదేశపు పండితుల సొత్తయ్యెను.

ఇటలీ దేశమున గ్రాసీ అను జంతుశాస్త్రజ్ఞుడు ఇదే విషయమును మరియొక దారిని పరిశోధించుచుండెను. దోమజాతుల నెరుగుటలో అతడు రాస్ కంటె నేర్పరి. 1898 చివరలో గ్రాసీయు, అతని తోటివారును అనాఫిలీస్ దోమలో మనుష్యుల మలేరియా జీవి పూర్తిగా పెరుగుటను నిరూపించిరి. ఇరువురి పనియు ఒకదానికొకటి తోడయ్యెను. కాని గౌరవమెవరికి చెందవలెనను విషయమున వారికి తీవ్రమైన కలహము పుట్టెను. గ్రాసీ తన పనిని తగినంతగా పేర్కొనలేదని రాస్ కోపగించి, పరుషముగా నిందించెను. ఆ వైరము చాలకాలము చల్లారలేదు. తన ఫలితములను ధారాళముగా పంచుకొనిన రాస్, కీర్తిని పంచుకొనుటకు మాత్రము ఇష్టపడకపోవుట శోచనీయము. 1902లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము రాస్ ఒక్కనికే లభించెను. నేటి చరిత్రకారులు రాస్ ఘనతను తగ్గింపకయే, గ్రాసీ కృషిని కూడ స్మరింతురు.

1899లో రాస్ ఇండియా ఉద్యోగమును వదలి, లివర్‌పూల్ నగరమందలి ఉష్ణదేశ వ్యాధుల విద్యాలయములో అధ్యాపకుడయ్యెను. కనిపెట్టుటతో తృప్తిపడక, దోమల నివారణకై అనేక దేశములు తిరిగెను. ఈజిప్టు దేశములో సూయజ్ కాలువ యొడ్డున గల ఇస్మాయిలియా పట్టణమునకు 1902లో పోయి సలహాలిచ్చెను. నిలువనీటిని తొలగింపగా, ఏటా వేయికి మించియుండిన జ్వరరోగుల సంఖ్య కొద్ది యేండ్లలో వందకు లోపలికి దిగెను. మారిషస్ దీవిలో పిల్లల కడుపును తడవి, ప్లీహము పెరిగినవారెందరో లెక్కించి, ఏ గ్రామమున జ్వరమెంత గలదో అంచనా వేయించెను. చిన్ననాడు ప్రీతితో చదివిన గణితము ఇప్పుడు అతనికి అక్కరకు వచ్చెను. దోమలన్నిటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్యను ఒక మట్టమునకు లోపల ఉంచినచో రోగము దానంతటదే తగ్గుననియు అతడు గణితము ద్వారా చూపెను. అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కగట్టు నేటి శాస్త్రమునకు పునాది వేసినవారిలో రాస్ ఒకడు.

1911లో ఆంగ్ల ప్రభుత్వమతనికి సర్ బిరుదమిచ్చెను. మొదటి ప్రపంచయుద్ధములో 1914లో పెద్దకుమారుడు మరణించుట అతనిని క్రుంగదీసెను. 1926లో అతని పేరిట లండన్‌లో ఒక పరిశోధనాలయము వెలసెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన రాస్ కన్నుమూసెను. అతడు పనిచేసిన బేగంపేట భవనము పాత విమానాశ్రయమునకు చేరువలో నేటికిని అతని పేరుతో నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదీని ప్రతి సంవత్సరము ప్రపంచ దోమల దినముగా పాటింతురు.

స్వతంత్ర భారతము 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును, 1958లో నిర్మూలన కార్యక్రమమును చేపట్టెను. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి, జ్వరము వచ్చినవారి రక్తపుచుక్కను గాజుపలకపై తీసి, పరీక్షకు పంపుట అప్పటినుండి ఆచారమయ్యెను. సిద్దిపేట జిల్లాలోని అక్కన్నపేట వంటి ఊరిలో ఒక పిల్లవానికి చలిజ్వరము వచ్చినదనుకొందము. అతని వ్రేలినుండి తీసిన రక్తపుచుక్క ఒక గాజుపలకపై ఆరును. దానిపై ఒక సంఖ్య వేయుదురు. అదే సంఖ్య ప్రక్కన అతని పేరు, ఊరు, తేదీ పుస్తకములో ఎక్కును. ప్రయోగశాలలో కనుగొన్నది ఆ సంఖ్యనుబట్టియే తిరిగి అతని ఇంటికి చేరును. పై అధికారులకును తెలియును. 2004లో దేశమంతటను వ్యాధుల సమాచారమును ఒకచోట చేర్చు ఏర్పాటు మొదలైనది. ఇప్పుడు ఆ సమాచారము కంప్యూటర్ల ద్వారా పోవుచున్నది. మాన్సన్‌కు రాస్ ఉత్తరము చేరుటకు వారములు పట్టెను. ఈ సమాచారము చేరుటకు నిమిషములు చాలును.

సాధనములు మారినను ధర్మము మారలేదు. గాజుపలకపై సంఖ్య తప్పుగా వేసినచో, ఒకని మందు మరియొకనికి పోవును. పుస్తకములో వ్రాయక విడిచినచో, ఒక ఇంటి జ్వరము ఊరిజ్వరమగు వరకు ఎవరికిని తెలియదు. బేగంపేటలోని ఇరుకు గదిలో రాస్ ఒంటరిగా కూర్చుండి, కనుపించినదానిని, కనుపించనిదానిని సమానమైన శ్రద్ధతో వ్రాసి, పరుల పరీక్షకు పంపెను. ప్రజల ఆరోగ్యమును కాపాడు ప్రయోగశాలలు నేటికిని ఆ పద్ధతినే అనుసరించుచున్నవి.